తెరుచుకోవడానికి పట్టే సేపు

ఉషశ్రీ పనిచేసే కంపెనీ న్యూ లిన్‌లో, రైలు స్టేషనుకి ఎదురుగా ఓ మేడ మీద ఉంటుంది. చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు చూసిపెట్టే కంపెనీ. ప్రొద్దుటూరు నుంచి చదువుకోడానికని ఈ దేశం వచ్చి, చదువైపోయాక కొన్నాళ్ళు సూపర్‌మార్కెట్లో అరలు సర్ది, చివరికి కూర్చుని చేసే ఈ ఉద్యోగం సంపాదించుకుందామె. చేరిన కొత్తలో ఉన్న హుషారు ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు. పోయినేడు కంపెనీలో ఇద్దర్ని తీసేశారు. వాళ్ళు చూసే సైట్లన్నీ ఈమె నెత్తిన పడ్డాయి. పొద్దున హాబ్సన్‌విల్‌లో ఇంటినుంచి బయల్దేరేటప్పటికే సాయంత్రం ఇల్లు చేరినంత అలసటగా ఉండేది.

అలాంటి రోజుల్లోనే మేనేజరు ఆమె బల్ల దగ్గరికొచ్చి, "ఒక చారిటీ సైటుంది. మరీ మెల్లగా తెరుచుకుంటోందట. ఊరికే చేసిస్తామని మాటిచ్చాం. మీ భాషవాళ్ళే, నువ్వైతే తొందరగా తేలిపోతుంది," అన్నాడు.

మన భాషవాళ్ళయితే తొందరగా తేలదని అతనికెలా తెలుస్తుంది? ఉషశ్రీ తలూపి ఊరుకుంది.

ఆ చారిటీ పేరు సహచరి. ఇళ్ళలో దెబ్బలు తింటున్న ఆడవాళ్ళు ఫోన్ చేస్తే తెలుగులోనో హిందీలోనో మాట్లాడి, లాయరు దగ్గరికో డాక్టరు దగ్గరికో తీసుకెళ్ళే చిన్న సంస్థ. ఊరికి ఆ చివర, పాపటోయిటోయిలో మిఠాయి కొట్టు మీద రెండు గదుల్లో నడుస్తుంది. శనివారం వానలో కారు నడుపుకుంటూ వెళ్ళింది ఉషశ్రీ. మెట్లెక్కుతుంటే కింద జిలేబీ వేస్తున్న వాసన పైదాకా వచ్చింది. పైన ఒక హీటరు, నాలుగు కుర్చీలు, రెండు ఫోన్లు. ఆ ఫోన్ల దగ్గర కూర్చునే మనిషి పేరు వేదవతి. కాకినాడావిడ. నర్సుగా రిటైరై ఈ పనిలో దిగింది.

"నాకీ కంప్యూటర్ల సంగతి తెలీదమ్మాయ్," అంది వేదవతి, కాఫీ చేతికిస్తూ. "ఒక్కటి మాత్రం చెప్తాను, విను. మొన్నొక పిల్ల ఫోన్ చేసింది. పెళ్ళై ఇక్కడికొచ్చి ఏడాది కూడా కాలేదు. మొగుడిది ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో పని. అతను స్నానానికెళ్ళినప్పుడు మన పేజీ తెరిచిందట. తెల్లగా అలాగే ఉండిపోయిందట. నెంబరు కనబడే లోపల బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. గబుక్కున ఫోను దిండు కింద పెట్టేసింది. మళ్ళీ ధైర్యం చేసి మన నెంబరు పట్టుకోడానికి ఆ పిల్లకి నెల పట్టింది."

ఉషశ్రీ కాఫీ కప్పు కింద పెట్టింది.

"ఆ నెలలో ఏం జరిగిందో నీకు చెప్పనులే," అంది వేదవతి. "పేజీ తొందరగా తెరుచుకునేటట్టు చెయ్యి. అంతే."

సోమవారం ఆఫీసులో ఉషశ్రీ ఆ సైటు లోపలికి వెళ్ళి చూసింది. పాస్‌వర్డు ఉన్నవాళ్ళెవరైనా తోచిన రాతో ఫొటోనో పెట్టుకోగలిగే సైటది. కమిటీలో ఉన్నవాళ్ళందరికీ పాస్‌వర్డు ఉంది. ఏళ్ళ తరబడి అందరూ తోచినవన్నీ పెట్టారు. తెరమీద అరచేయంత కనబడే ఫొటోని గోడకి అతికించుకునేంత పెద్దదిగా, కెమెరాలోంచి తీసింది తీసినట్టే ఎక్కించారు. మొదటి పేజీలో ఒకదాని వెనక ఒకటి జరిగిపోయే చందాల విందు ఫొటోలు. చైర్‌పర్సన్ మాట్లాడే వీడియో. ఎవరూ జవాబివ్వని చాట్ పెట్టె. మ్యాపు. ఒక్క తెలుగు పేరాకే మూడు రకాల ఫాంటు అక్షరాలు, అవి కూడా ఎక్కడో దూరపు సర్వరునుంచి రావాలి. ఎప్పుడో దీపావళికి పూలు రాలేటట్టు పెట్టిన ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాము ఇంకా అలాగే ఉంది. పూలు రాలడం ఆగిపోయినా దాని సామానంతా ప్రతిసారీ దిగుతూనే ఉంది. నెంబరు మాత్రం ఎక్కడో అడుగున, వీటన్నిటి కింద.

పెద్దగా తల బద్దలుకొట్టుకునే పని కాదు, ఓపిక కావాల్సిన పని. వేరే పనుల మధ్య వారం రోజులు దాన్నే పట్టుకుంది. ఫొటోలన్నీ కుదించింది. పనికిరాని ప్లగిన్లు పీకేసింది. నెంబరుని పైకి తెచ్చింది. కమిటీవాళ్ళు ఏమంటారోనని విందు ఫొటోలు, వీడియో, చాట్ పెట్టె జోలికి మాత్రం పోలేదు. దానికి బదులు, ఒకసారి వచ్చి వెళ్ళినవాళ్ళ ఫోన్‌లోనే ఆ సామానంతా దాచిపెట్టుకునే ఏర్పాటు చేసింది. మొదటిసారి కొంచెం ఆలస్యమైనా రెండోసారి నుంచి చటుక్కున వచ్చేస్తుంది. ఆఫీసులో అందరి ఫోన్లలోనూ తెరిచి చూసింది. వేలు పెట్టగానే వచ్చేసింది. మేనేజరు మెచ్చుకుని వెంటనే ఇంకో సైటు అప్పజెప్పాడు.

రెండు వారాలకి వేదవతి ఫోన్ చేసింది.

"చాలా బాగుందమ్మా, నా ఫోన్‌లో రయ్యిన వచ్చేస్తోంది. కానీ ఆ పిల్లకి మాత్రం ఇంకా అలాగే ఉందట."

ఉషశ్రీకి నీరసం, విసుగు కలిసి వచ్చాయి. "వాళ్ళింట్లో నెట్ బాలేదేమో ఆంటీ," అంది.

"అయ్యుండొచ్చు. ఆ పిల్లకి నెట్ మార్చుకునే వీలుందా మరి?" అంది వేదవతి. కోపంగా కాదు, మామూలుగానే.

శనివారం పొద్దున మళ్ళీ వెళ్ళడానికి తయారవుతుంటే మొగుడు మనీష్ దుప్పట్లోంచే, "మళ్ళీ ఏడికి?" అన్నాడు. "పాపటోయిటోయికి," అంది. అతను ఇంకేమీ అడగలేదు. ఈమధ్య ఇద్దరికీ అడిగే ఓపికా చెప్పే ఓపికా ఉండటంలేదు.

సహచరి వాళ్ళ దగ్గర ఆడవాళ్ళకి ఇచ్చే పాత ఫోన్లు కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి తీసుకుని కింద కారులో కూర్చుంది ఉషశ్రీ. సిగ్నలు అంతంత మాత్రం. పేజీ తెరిచింది. తెల్ల తెర. అద్దం మీద వాన జారుతోంది. తెర ఇంకా తెల్లగానే ఉంది. చాలాసేపటికి పైన పేరొచ్చింది, ఆ తర్వాత విందులో నవ్వుతున్న మొహాలు ఒక్కొక్కటే దిగాయి, పైకి తెచ్చిన నెంబరు మాత్రం దూరపు సర్వరునుంచి దాని అక్షరాలు దిగాక, అన్నిటికన్నా ఆఖరున వచ్చింది. సరే, మొదటిసారి కదా అనుకుని ఇంకోసారి తెరిచింది. ఈసారి చటుక్కున వచ్చింది. తను చేసిన ఏర్పాటు పనిచేస్తూనే ఉంది.

పైకెళ్ళి అడిగింది. "ఆంటీ, ఆమె మన పేజీ ఇప్పటికి చాలాసార్లు చూసుంటుంది కదా? రెండోసారి నుంచి తొందరగా రావాలి. ఎందుకు రావట్లేదో నాకర్థం కావట్లేదు."

వేదవతి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "చూసిన వెంటనే చెరిపేస్తుంది కదమ్మా," అంది. "చెరిపేసుకొమ్మని మేమే చెప్తాం. మొగుడు ఫోన్ చూస్తాడు. ఏమేం తెరిచిందో అన్నీ తుడిచేస్తుంది. నెంబరు కూడా ఫోన్‌లో దాచుకోదు. అందుకే ప్రతిసారీ మళ్ళీ పేజీకే రావాలి."

ఉషశ్రీకి అప్పుడు వెలిగింది. ఆ పేజీ ఎవరికోసమైతే పెట్టారో వాళ్ళెప్పుడూ మొదటిసారి వచ్చినట్టే వస్తారు. రెండోసారి అనేది వాళ్ళకి ఉండదు. తను పడ్డ కష్టమంతా ఆఫీసులో కూర్చుని చూసేవాళ్ళకీ, కమిటీవాళ్ళకీ పనికొచ్చింది. ఆ పిల్లకి ఏమీ మిగల్లేదు.

"సీతారత్నం ఆంటీతో మాట్లాడాలి," అంది చివరికి.

సీతారత్నం సహచరికి చైర్‌పర్సన్. ఇళ్ళమ్మే ఏజెంటు. ఆదివారం మధ్యాహ్నం కొనేవాళ్ళకి ఇల్లు చూపించే ఓపెన్ హోమ్ ముగించుకుని, ఆ కోటు మీదే వచ్చింది. ఉషశ్రీ తను చెయ్యబోయేది చెప్పింది. మొదటి పేజీలో బొమ్మ ఒక్కటీ ఉండదు. సంస్థ పేరు కూడా పెద్దగా ఉండదు. నెంబరు, మూడు భాషల్లో మూడు మాటలు, చప్పున ఇంకో పేజీకి తప్పుకునే మీట. అంతే. ఫొటోలూ వీడియో అన్నీ లోపలి పేజీలోకి.

"పేదింట్లో గోడలాగా ఉంటుంది," అంది సీతారత్నం. "ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ళు ఎవరనుకున్నావు? వాళ్ళే మనల్ని నిలబెడుతున్నారు. పెళ్ళికెళ్ళినా పేరంటానికెళ్ళినా సిగ్గు విడిచి అడిగి అడిగి తెచ్చిన మనుషులు. వాళ్ళ మొహం ముందు పేజీలో లేకపోతే వచ్చే ఏడాది నా మొహం చూస్తారా?"

అందులో అబద్ధమేమీ లేదు. వాదించడానికి ఉషశ్రీకి ఓపిక కూడా లేదు. పాత ఫోన్‌లో అంతా తుడిచేసి ఆమె చేతికిచ్చింది.

"మీరే తెరవండి ఆంటీ. అంకుల్ బాత్రూంలో ఉన్నారనుకోండి. ఆయన బయటికొచ్చే లోపల నెంబరు చూసుకోవాలి."

సీతారత్నం నవ్వుతూనే తీసుకుంది. వేలితో నొక్కింది. గదిలో హీటరు చప్పుడు తప్ప ఏమీ లేదు. "నెట్ సరిగా లేదేమో," అంది. తెరకేసి చూస్తూనే ఒకసారి తలెత్తి తలుపు వైపు చూసింది, మళ్ళీ తెర చూసింది. తన వీడియో మొదలవడానికి కింద గుండ్రంగా తిరుగుతోంది. నెంబరు ఇంకా రాలేదు. ఫోన్ బోర్లించి బల్ల మీద పెట్టేసింది.

"చెయ్యి," అంది. కాసేపాగి, "ఫొటోలు మాత్రం పారెయ్యకు," అంది.

ఆ పేజీ చెయ్యడానికి ఉషశ్రీకి ఒక్క సాయంత్రం చాలింది. తీసెయ్యడం తప్ప కొత్తగా పెట్టిందేమీ లేదు. ఫోన్‌లో ఉండే మామూలు అక్షరాలే వాడింది. పాత ఫోన్‌లో, అంతా తుడిచాక, తెల్ల తెర కనబడిందో లేదో తెలిసేలోపే నెంబరు వచ్చింది.

అంతటితో అయిపోలేదు. ఉగాదికి సీతారత్నం ఇంత పోస్టరు తెచ్చి ముందు పేజీలో పెట్టేసింది. ఉషశ్రీ తీసేసింది. ఫోన్‌లో వాదులాట. మరుసటి నెల ఇంకెవరో వీడియో పెట్టారు, అదీ తీసింది. ఆఖరికి ముందు పేజీని ఎవరూ ముట్టుకోకుండా తాళం వేసి, ఎవరు ఎంత పెద్ద ఫొటో పెట్టినా దానంతటదే కుంచించుకుపోయేట్టు చేసింది. అప్పటినుంచి కమిటీలో ఇద్దరు ఆమెతో మాట్లాడటం మానేశారు. ఆ మాటలు లేనందుకు ఆమెకి కొంచెం విశ్రాంతిగానే అనిపించింది.

ఇక్కడ మే నెలలో వచ్చే చలి మొదలవుతుండగా ఒకరోజు వేదవతి నుంచి ఫోనొచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"పేజీ బాలేదా ఆంటీ?" అంది ఉషశ్రీ, ముందే నీరసపడిపోతూ.

"బాగుందమ్మా. మరీ బాగుంది." నవ్వబోయి దగ్గింది. "ఫోన్లు ఎక్కువయ్యాయి. ఇదివరకు పేజీ తెరుచుకోక వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో ఇప్పుడు తెలుస్తోంది. నేనూ ఇంకొకావిడా. ఇద్దరం చాలట్లేదు. నిన్న ఒక ఫోన్ మాట్లాడుతుంటే ఇంకోటి మోగి మోగి ఆగిపోయింది. ఎవరో ఏమో. నెంబరు కనబడకుండా చేసినవాళ్ళకి మనం తిరిగి చెయ్యలేం కదా."

"ఆ మొదటి పిల్ల?"

"హామిల్టన్‌లో వాళ్ళ చిన్నమ్మ దగ్గరుంది. ఒకసారి వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. చూడాలి."

వేదవతి సాయం అడగలేదు. అడగడంలేదని ఉషశ్రీకి తెలుస్తూనే ఉంది. ఆదివారం ఒక్కటే తనకంటూ దొరికే రోజు. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండటానికే వారమంతా బతుకుతోంది.

"ట్రైనింగేమైనా ఉంటుందా?" అని అడిగింది.

ట్రైనింగు మూడు వారాలు నడిచింది. ఏం చెప్పాలో కన్నా ఏం చెప్పకూడదో ఎక్కువ నేర్పారు. ఇల్లు వదిలి వచ్చెయ్యమని అనకూడదు. ఎందుకున్నావని అడగకూడదు. అవతలి మనిషి ఆగితే మనమూ ఆగాలి.

మొదటి ఆదివారం వేదవతి పక్క కుర్చీలో శాలువా కప్పుకుని కునుకు తీస్తోంది. ఫోన్ మోగింది. ఆమెని లేపకుండా ఉషశ్రీయే ఎత్తింది.

"సహచరి. చెప్పండమ్మా."

అవతల ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. ఎక్కడో టీవీలో క్రికెట్ అరుపులు. ఉషశ్రీ ఏదో అనబోయి ఆగింది.

"తెలుగువాళ్ళేనా?" అంది చివరికి ఒక గొంతు, చాలా మెల్లగా. తెలంగాణ యాస. చిన్న వయసులా లేదు.

"తెలుగేనమ్మా. నేను వింటానే ఉన్నా. మీకెంత సేపు వీలైతే అంతసేపు చెప్పండి."

అవతలామె ఏడవలేదు. వంటింట్లో సామాను గురించి మాట్లాడినట్టు, ఒక్కొక్క మాటే చెప్పడం మొదలుపెట్టింది.