కోడలికి పడనివి

బస్సు భోజనానికి ఆగగానే అందరికంటే ముందు దిగింది అత్తగారు. ఆవిడకు ఆకలేసి కాదు. వడ్డించేవాణ్ణి పట్టుకుని ఆరాలు తీయాలంటే రద్దీ పెరగకముందే తీయాలి. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగివచ్చి అడిగినా వాడికి జవాబు చెప్పే తీరిక ఉండదు.

"ఇందులో గోధుమ ఉందా బాబూ?"

"లేదమ్మా, ఒట్టి మైదా."

"మైదా ఏ చెట్టుకి కాస్తుందనుకున్నావు నాయనా?"

వాడు ఆలోచనలో పడ్డాడు. ఇంతవరకూ వాణ్ణి ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. పక్కనున్న సూపు గిన్నె మూత తీసి చూపించాడు.

"పోనీ ఇది తీసుకోండి. అన్నీ కూరగాయలే, ఇంకేం లేవు."

"ఇంకేం లేకపోతే ఇంత చిక్కగా ఎలా ఉంది?"

"అదా, చిక్కదనానికి కాస్త పిండి కలుపుతాం."

"ఏం పిండి?"

"పిండేనమ్మా, మామూలు పిండి!"

గోధుమకున్నన్ని మారుపేర్లు దొంగలకు కూడా ఉండవని ఆవిడ చాలాకాలంగా అంటూ ఉంటుంది. ఒకచోట మైదా, ఇంకోచోట రవ్వ, మరోచోట బ్రెడ్డు పొడి. ఎక్కడా గోధుమ అని మాత్రం ఒప్పుకోరు. పోనీ వేయించిన బంగాళాదుంప ముక్కలు తీసుకుందామంటే, అంతకుముందు అదే నూనెలో పిండి పూసిన చేపలు మునిగి తేలి ఉంటాయి. చివరికి ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు కొని, బయట బెంచీ మీద కూర్చున్న కోడలి చేతిలో పెట్టింది.

"తిను. వీటికి మారుపేర్లు లేవు."

కోడలు నవ్వి గుడ్డు ఒలిచింది. ఆ పిల్లకు గోధుమ ఒంటికి పడదు. డాక్టరు దానికి గ్లూటెన్ అని ఏదో పేరు చెబితే, వీధి వీధంతా "పాపం, గ్లూకోజు పడదట" అని జాలిపడింది. కాపురానికి వచ్చిన కొత్తలో, జబ్బేమిటో తెలియక తిన్న తిండికి ఆసుపత్రి పాలైంది. అప్పటినుంచి పొరుగూరు వెళితే అడగడం అత్తగారి వంతు, ఆవిడ సరేనన్నాక తినడం కోడలి వంతు.

ఇప్పుడు వీళ్ళిద్దరూ వెళుతున్నది పెళ్ళి మాటలకు. పెళ్ళి కోడలికి. మీరు సరిగ్గానే చదివారు, అత్తగారే దగ్గరుండి తన కోడలికి పెళ్ళి చేయబోతోంది.

కొడుకు పోయి కొన్నేళ్ళయింది. అచ్చుపనిలో ఉండేవాడు. ఒక మధ్యాహ్నం ప్రెస్సులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఇక ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకు ఒక్క పూట కూడా పొసగదని చుట్టాలందరూ తేల్చేశారు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని సామెత ఒకటుంది కదా. ఆ సామెత కట్టిన పెద్దమనిషి వీళ్ళింటికి ఒకసారి భోజనానికి వచ్చి ఉంటే బాగుండేది.

మొదట్లో పోట్లాటలు లేకపోలేదు. అన్నీ మాటల మీదే. ఆ పిల్లది వేరే వైపు. వచ్చిన మర్నాడే చీపురు కోసం "పొరక ఎక్కడుందత్తయ్యా?" అని అడిగితే, కంట్లో పొర గురించేమో అనుకుని అత్తగారు కంగారుగా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తాళాన్ని బీగం అనేది, ఉల్లిపాయని ఎర్రగడ్డ అనేది. బంగాళాదుంపని ఉర్లగడ్డ అన్నరోజు అత్తగారు ఊరుకోలేకపోయింది.

"అంత లక్షణమైన పేరుండగా ఉర్లగడ్డ ఏమిటే?"

"ఏ బంగళాలో పండుతుందత్తయ్యా అది?" అంది కోడలు, అమాయకంగా మొహం పెట్టి.

కొడుకు మధ్యవర్తి. భోజనాల దగ్గర ఒక్కొక్క మాటనూ విచారణకు పిలిచి తీర్పు చెప్పేవాడు. తీర్పు ఎప్పుడూ ఆ పూట వంట చేసినవాళ్ళ వైపే ఉండేది. వాడు పోయాక ఒకరోజు దుకాణంలో అత్తగారి నోటివెంట "మంచి పొరక ఒకటి ఇవ్వు" అని వచ్చేసింది. కోడలు ఫక్కున నవ్వింది. ఆ తర్వాత ఇద్దరూ దారి పొడుగునా ఏడ్చుకుంటూ ఇంటికొచ్చారు. తీర్పు చెప్పే మనిషి లేడు మరి.

కోడలు కళ్ళద్దాల దుకాణంలో ఫ్రేములకు అద్దాలు బిగిస్తుంది. ఆ భవనంలో లిఫ్టు బాగుచేయడానికి వచ్చినతనితో పరిచయమైంది. నెమ్మదస్తుడు. ఆ సంగతి కోడలే దాచకుండా చెప్పింది. ఆ పిల్లకు కన్నవాళ్ళు లేరు, పెంచిన పెద్దమ్మా లేదు. "మంచిమాట. నేనే వచ్చి మాట్లాడతాను" అంది అత్తగారు. ఆ మాట పెదవులమీదినుంచి వచ్చింది. లోపల మాత్రం ఈ సంబంధం ఎక్కడో ఒకచోట బెడిసికొడితే బాగుండునని ఉంది. ఈ పిల్ల వెళ్ళిపోతే, తన కొడుకు ఎలా తుమ్మేవాడో, ఏ వైపు తిరిగి పడుకునేవాడో తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఇంకొకరు ఉండరు. ఆవిడ భయమంతా అదే.

బస్సు దిగేసరికి లిఫ్టు అబ్బాయి వచ్చి ఉన్నాడు. సంచీ అందుకుని ముందు నడిచాడు. రెండు వీధులు తిరిగి, ఇరుకైన మేడ ముందు ఆగాడు. కమ్మటి వాసన గుప్పుమంది. కింద బేకరీ. అద్దాల వెనక వరసగా రొట్టెలు, బన్నులు, బల్ల మీద తెల్లగా పరుచుకున్న పిండి.

"మా అమ్మదే" అన్నాడతను.

అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు తలవంచుకుంది.

"నాకు తెలుసత్తయ్యా. మీకు చెబితే ప్రయాణమే మానుకుంటారని చెప్పలేదు."

ఇన్నేళ్ళలో తన దగ్గర ఒక్క మాట దాచని పిల్ల. ఆవిడకు మనసు చివుక్కుమంది. కానీ నిజం చెప్పుకోవాలి, ఆ చివుక్కు వెనకాలే సంతోషం కూడా వచ్చింది. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. గోధుమ పడని పిల్లను గోధుమ కొట్టులో ఎవరిస్తారు? తను చెడ్డది కానక్కర్లేదు, ఎవరినీ నిందించనక్కర్లేదు. వచ్చిన బస్సులోనే వెనక్కి వెళ్ళిపోవచ్చు.

లోపలినుంచి ఒకావిడ వచ్చింది. మోచేతులదాకా పిండి, కనుబొమల మీద కూడా పిండి. వీళ్ళను చూసి చటుక్కున రెండడుగులు వెనక్కి వేసింది.

"దగ్గరికి రాకండి వదినగారూ! పైకి పదండి. నేను స్నానం చేసి వచ్చేస్తాను."

మేడమెట్ల కింద ఒక తలుపు. చెప్పులు అక్కడే విడవాలి. పైన రెండు గదులు, ఒక వంటగది. అత్తగారు తిన్నగా వంటగదిలోకి నడిచింది, పరాయి ఇల్లన్న మొహమాటమైనా లేకుండా. డబ్బాల మూతలు తీసి చూసింది. బియ్యం, పప్పు, మొక్కజొన్న పిండి. అలమర మూల వేలితో రాసి వెలుతురులో చూసుకుంది. గిన్నెలన్నీ కొత్తవి, కొన్నిటికి ఇంకా దుకాణం చీటీలు అంటుకునే ఉన్నాయి. ఎక్కడ వంక పెడదామన్నా దొరకలేదు. ఆవిడకు కోపం వచ్చింది.

రొట్టెలావిడ తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. బట్టలు మార్చుకుంది, గోళ్ళు ఎర్రబడేలా రుద్దుకుంది. అబ్బాయీ అమ్మాయీ ముందుగదిలో కూర్చున్నారు. ఆవిడ వంటగది తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

"మావాడు అన్నీ చెప్పాడు. వాడికేం తెలుసు, మగపిల్లాడు. మీరు కదా కళ్ళారా చూసినవాళ్ళు. ఉన్నదున్నట్టు చెప్పండి. కింద నా బతుకంతా పిండే. ఆ పిల్ల ఇక్కడ ఉండగలదా?"

"గాల్లో ఉన్నా ప్రమాదమే" అంది అత్తగారు. అది నిజమే. "చెంచాకి అంటుకున్నదైనా చాలు." అదీ నిజమే. "ఎన్నిసార్లు ఆసుపత్రికి పరిగెత్తామో లెక్కలేదు." అది అబద్ధం. ఆసుపత్రికి వెళ్ళింది ఒక్కసారే.

రొట్టెలావిడ మొహం వాడిపోయింది. స్టూలు లాక్కుని కూర్చుండిపోయింది.

"అయితే కుదరదంటారా?"

కుదరదు అన్న ఒక్క మాట చాలు. ఆ మాట అత్తగారి నాలుక చివరిదాకా వచ్చి ఉంది. అప్పుడే ముందుగదిలోంచి మాటలు వినిపించాయి.

"మరి చీపుర్ని ఏమంటావ్?"

"పొరక."

"ఉల్లిగడ్డని?"

"ఎర్రగడ్డ. మా అత్తయ్య ఉల్లిపాయ అంటారు."

"ఆలుగడ్డని?"

"ఉర్లగడ్డ. అత్తయ్యకి మాత్రం బంగాళాదుంప. బంగళాల్లో పండుతుందట!"

కోడలు నవ్వింది. నవ్వి నవ్వి చివర ఊపిరి అందక చిన్నగా కీచుమంది. ఆ కీచు అత్తగారు విని ఎన్నేళ్ళయిందో. కొడుకుతో పాటే అదీ పోయిందనుకుంది. ముందు ఒళ్ళు మండింది. ఆ ఆట మావాడిది, ఎవడో లిఫ్టులు బాగుచేసేవాడు ఎలా ఆడతాడు అనుకుంది. కానీ ఆ పిల్ల మళ్ళీ కీచుమంది. మాత్రలకీ మందులకీ రానిది, తను ఎన్ని కబుర్లు చెప్పినా రానిది, ఇక్కడ ఉల్లిగడ్డ అన్న మాటకే వచ్చేసింది. అత్తగారికి ఏడుపు ముంచుకొచ్చింది. గోడవైపు తిరిగి, కొత్త గిన్నెకున్న చీటీ గోకుతూ నిలబడింది.

"కుదురుతుంది వదినగారూ, కింది పిండి పైకి రానివ్వకపోతే చాలు" అంది చివరికి. "ఆసుపత్రికి వెళ్ళింది ఒక్కసారే. నేను పెంచి చెప్పాను."

రొట్టెలావిడ లేచి వచ్చి పక్కన నిలబడింది.

"నాక్కూడా ఒక్కడే కొడుకు" అంది.

భోజనాలకు కూర్చున్నారు. అన్నం, పప్పు, ఉడికించి వేయించిన బంగాళాదుంపలు. కోడలు ముద్ద కలిపి, అలవాటు ప్రకారం ఆగి, అత్తగారి వైపు చూసింది.

"తినమ్మా" అంది అత్తగారు. మళ్ళీ వడ్డించినప్పుడు కోడలు ఆవిడ వైపు చూడలేదు. రొట్టెలావిడ "ఇంకొంచెం వేసుకో" అనగానే వేసుకుంది. మంచిదే కదా, కావలసింది అదే కదా అని అత్తగారు తనకు తాను నచ్చజెప్పుకుంది. అన్నం మాత్రం దిగలేదు.

భోజనాలయ్యాక రొట్టెలావిడ ఆవిడను మళ్ళీ వంటగదిలోకి తీసుకెళ్ళింది.

"ఇక చెప్పండి. మొదటినుంచి."

అత్తగారు చెప్పింది. నూనె వేరుగా ఉంచాలి. జల్లెడ వేరుగా ఉంచాలి, ఎంత కడిగినా పాతది పనికిరాదు. వెన్నలో రొట్టె ముట్టిన కత్తి పెట్టకూడదు. అబ్బాయి బన్ను తింటే నోరు కడుక్కున్నాకే ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాలి. ఇది చెప్పేటప్పుడు ఇద్దరూ కాస్త నవ్వుకున్నారు. బజారు పచ్చళ్ళ సీసాల మీద చిన్న అక్షరాలు చదవాలి. కొత్త మాత్ర ఏదైనా సరే మందులవాణ్ణి అడగాలి. పొరపాటున తగిలితే మొదట పెదవులు పాలిపోతాయి, ఆ తర్వాతే కడుపునొప్పి. ఆ పిల్ల నోరు తెరిచి చెప్పదు, మనమే మొహం చూసి కనిపెట్టాలి.

"ఎప్పుడైనా సందేహం వస్తే మీకు ఫోన్ చేస్తాను" అంది రొట్టెలావిడ.

"చెయ్యండి. ఏ వేళప్పుడైనా చెయ్యండి."

ఆ మాట అత్తగారి మనసులో నిలిచిపోయింది. ఫోన్ మోగుతుంది. కోడలి తిండి గురించి ఎవరో తనను అడుగుతారు. తను చెబుతుంది. అందుకే ఆవిడ ఒక్కటి చెప్పలేదు. మరిచిపోయి కాదు, కావాలనే దాచుకుంది. చెక్క గరిటె సంగతి. చెక్క పిండిని పీల్చుకుంటుంది, కడిగినా వదలదు. కిందినుంచి పొరపాటున ఒక్క చెక్క గరిటె పైకి వచ్చిందంటే చాలు. ఇంత పెద్ద సంగతి కాబట్టి తప్పకుండా ఎప్పుడో అడగవలసి వస్తుంది.

సాయంత్రం అందరూ కిందికి దిగారు. కోడలూ లిఫ్టు అబ్బాయీ వీధిలోకి నడిచారు. అత్తగారు చెప్పుల్లో కాళ్ళు పెట్టింది, మళ్ళీ తీసింది. ఆ పిల్ల పాలిపోయిన పెదవులు కళ్ళముందు కనిపించాయి. పిల్లకు జబ్బు చేస్తే వచ్చే ఫోనూ ఒక ఫోనేనా? నీకేమైనా మతి ఉందా అని తనను తానే తిట్టుకుంది.

"వదినగారూ, ఇంకొక్కటుంది" అని చెక్క గరిటె సంగతి కూడా చెప్పేసింది.

"అమ్మో, ఎంత మాట! నాకు తట్టేది కాదు" అంది రొట్టెలావిడ. "ఉండండి, అన్నీ ఒకసారి అప్పజెబుతాను, తప్పులుంటే దిద్దండి. రొట్టెల కొలతలన్నీ నోటిలెక్కే నాకు, కాగితం ముట్టను."

గుమ్మం పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. నూనె, జల్లెడ, వెన్న, కత్తి, బన్ను తిన్న నోరు. అత్తగారు చెవులు రిక్కించి వింటోంది. ఒక్కటి, ఒకే ఒక్కటి మరిచిపోతే బాగుండునని ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుని వింటోంది. పచ్చళ్ళ సీసాలు, మాత్రలు, పెదవుల రంగు, చెక్క గరిటె.

రొట్టెలావిడ కళ్ళు తెరిచింది. "ఏమైనా తప్పిపోయిందా?"

"లేదు వదినగారూ" అంది అత్తగారు. "ఒక్కటీ తప్పలేదు."