రొట్టెల మిషన్‌కు ఎర్ర స్టిక్కర్

మిషన్ల టెస్టింగ్‌కు శ్రీవాణి ఒంటరిగా వెళ్లడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ సీనియర్ వెనకాల మీటర్ల సంచీ మోస్తూ తిరిగింది. ఆయన నాగర్‌కర్నూలులో జిన్నింగ్ మిల్లు పనిలో ఇరుక్కుపోయి, "బిజినేపల్లి రొట్టెల సెంటర్ నువ్వే చూసిరా" అన్నాడు. బస్సు దిగుతుంటే ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ సెంటర్ ఊరి ఆడవాళ్లంతా కలిసి నడుపుకుంటున్నది. అందరికీ పెద్ద మాలతి. ఒక హాస్టల్‌కు రోజూ జొన్నరొట్టెలు పంపే పని వాళ్లకు కొత్తగా దొరికింది. అయితే మిషన్లకు కరెంటు పరీక్ష చేయించాకే తీసుకుంటామని హాస్టల్ వాళ్లు మెలిక పెట్టారు.

"జర జల్ది చూడు చెల్లె. పొద్దుగూకేలోపు ఒక పెండ్లికి గూడ రొట్టెలు పోవాలె" అంది మాలతి, చాయ్ చేతికిస్తూ.

పిండిగిర్నీ పాసైంది. ఫ్యాన్లు పాసయ్యాయి. శ్రీవాణి ఒక్కోదానికీ పచ్చ స్టిక్కరు అంటిస్తూ పిండి కలిపే మిషన్ దగ్గరికి వచ్చింది. అది తిరుగుతోంది. పక్కనే జములమ్మ అనే ముసలామె నిలబడి ఉంది.

"గీ మిషన్ మంచిది బిడ్డా. చెయ్యేస్తే జివ్వుమంటది. నా భుజం నొప్పికి దవాఖానకు పోవుడే బందు చేసిన" అంటూ చెయ్యి చాచింది.

శ్రీవాణి ఆమె కాళ్ల వైపు చూసింది. అప్పుడే కడిగిన బండల మీద ముసలామె వట్టికాళ్లతో ఉంది.

"అవ్వా, ముట్టకు!"

అరుస్తూనే వెళ్లి స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేసింది. మీటరు తగిలించి చూస్తే అనుమానం నిజమైంది. తడిపిండి మోటారులోకి చేరి, కరెంటు మిషన్ ఇనుప ఒంటికి పాకుతోంది. అలా పాకిన కరెంటును భూమిలోకి పంపాల్సిన ఎర్త్ వైరు ప్లగ్గులో లేనే లేదు. ఎవరో ఎప్పుడో కత్తిరించేశారు. శ్రీవాణి ఎర్ర స్టిక్కరు అంటించింది.

మాలతి ముఖం మాడిపోయింది. "గీ ఒక్కపూట నడవనీయ్ చెల్లె. పెండ్లోళ్లకు ఏం జెప్పాలె?"

"నొప్పి తగ్గిందనుకుంటున్నరు గానీ, అవ్వ ఇన్నొద్దులు చెప్పులేసుకుని ముట్టిందేమో, గందుకే బతికింది అక్కా. ఇయ్యాల ముట్టుంటే..." శ్రీవాణి తడి బండల వైపు చూపించింది. "నడవనియ్య."

జములమ్మ తన అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత ఫక్కున నవ్వింది.

"ఏందే, అందరు గట్ల మొకాలేసిన్రు? మిషన్ రాకముందు మనం రొట్టెలు చెయ్యలేదా? నీళ్లు కాగబెట్టుండ్రి!"

అంతే, సెంటర్ కదిలింది. ఒకామె వాకిట్లోకి పరుగెత్తి ఇరుగుపొరుగును కేకేసింది. ఇళ్లలోంచి పెనాలు, పీటలు వచ్చాయి. వేడినీళ్లు పోసి పిండి పిసికారు. టపటపా చప్పుడు మొదలైంది. గాజులు గలగలలాడాయి. ఎవరో పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నారు.

పని అయిపోయినా శ్రీవాణికి వెళ్లబుద్ధి కాలేదు. చేతులు కడుక్కుని పీట ముందు కూర్చుంది. ఆమె తట్టిన రొట్టె ఒకపక్క దుప్పటిలా మందంగా, ఇంకోపక్క చిరుగులతో తేలింది. జములమ్మ దాన్ని పైకెత్తి అందరికీ చూపించింది.

"నీ రొట్టె ఫేలు బిడ్డా! దీనికి గూడ ఎర్రది అతికియ్యి!"

ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది శ్రీవాణే. నాలుగో రొట్టెకో ఐదో రొట్టెకో చెయ్యి కుదిరింది. పెనం మీద అది బూరెలా పొంగితే ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

మోటారును వైండింగ్ దుకాణానికి పంపించారు. ఎర్త్ వైరు బిగించి మళ్లీ టెస్టింగ్‌కు పిలుస్తామని మాలతి మాటిచ్చింది. పొద్దు వాలకముందే రొట్టెల గంపలు ఆటోకెక్కాయి.

"బస్టాండుకు పోత అక్కా" అంది శ్రీవాణి.

"పిండి మొకంతోనా? పెండ్లిల తిని పోదువు, ఎక్కు!" మాలతి చెయ్యి పట్టి లాగింది.

పెళ్లివాళ్లు గంపల మూతలు తీయగానే వేడి రొట్టెల వాసనకు జనం మూగారు. పెళ్లికొడుకు మేనత్త రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, "చేతి రొట్టెలా! ఎన్నాళ్లయిందే తిని!" అని మాలతిని కౌగిలించుకుంది. అంతలో డప్పు మోగింది. జములమ్మ కొంగు నడుముకు దోపి ముందుకు దూకింది. శ్రీవాణి సంచీని ఓ కుర్చీలో పడేసి ఆమె వెనకాలే అడుగు కలిపింది.