రూము నంబరు లేని నలభై గంటలు

మంజుశ్రీ నింపిన ఫారాల్లో అన్నీ ఉన్నాయి, రూము నంబరు తప్ప. కౌన్సెలింగ్ ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో మూడొందల గంటలు మనుషుల కష్టం వినాలి, గైడు సంతకం పెట్టాలి. అందులో నలభై గంటల దగ్గర శ్రీనివాసమూర్తి సారు పెన్ను ఆగిపోయింది. ఆ నలభై గంటలూ ఆమె తన ఊళ్ళో, కోలారు బంగారు గనుల పక్క కోరమండల్‌లో, గని మట్టి పోసి పోసి పెరిగిన సైనైడు గుట్ట పక్క దారిలో నడుస్తూ విన్నవి. రోజూ రైలెక్కి బెంగళూరు పనికి పోయొచ్చే ఆడవాళ్ళు, మొగుడి తాగుడుతో వేగలేనివాళ్ళు, అక్కడే నోరు విప్పారు.

"నడుస్తా కౌన్సెలింగా? వాకింగ్ పోయినట్టుండాది" అన్నాడు సారు, కోలారు కాలేజీలో తన కుర్చీలో వెనక్కి వాలి. "హెల్త్ సెంటర్ రూము రెండు అని రాసెయ్ తల్లీ. ఎవరొచ్చి చూస్తారు? లేదంటే ఈ ఏడు నీకు వైవా లేదు."

రాసేస్తే పోయేది. కానీ మంజుశ్రీకి ఒళ్ళు మండింది. ఈ పనిలో అబద్ధం పనికిరాదని రెండేళ్ళు పాఠం చెప్పిన నోరే ఇప్పుడు అబద్ధం రాయమంటోంది. పైగా ఆ రూములో ఇంజెక్షన్ల క్యూ నిలబడుతుంది.

"రాయను సార్. వైవా పోతే పోనీండి. ఆ ఆడోళ్ళ ఇండ్లూ మా ఇల్లు మాదిరివే. మీరే ఒకసారి మా ఇంటికొచ్చి చూడండి" అంది.

శనివారం ఆయన కోపంతోనే వచ్చాడు. మంజుశ్రీ తాత చిత్తూరు వైపు నుంచి గనిలో దిగడానికి వచ్చినప్పుడు కంపెనీ ఇచ్చిన ఇల్లు అది. వరుసగా ఇరవై ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒక తడిక, దాని మీద సున్నం. ఆ గోడ కూడా పైకప్పు దాకా పోయే ఓపిక లేక మధ్యలోనే ఆగిపోయింది.

"ఈడ కూచోని మాట్లాడేకి ఏమైంది? తలుపేసుకుంటే సరిపోలా?" అని సారు తానే లేచి తలుపు వేశాడు. మంజుశ్రీ టీ పెట్టడానికి పొయ్యి దగ్గరకు వెళ్ళింది.

అంతలో ఆయన ఫోను మోగింది. భార్య. సారు గొంతు బాగా తగ్గించాడు.

"ఇంగా తలుపు తీయలేదా అది? నిన్నటి నుంచి అన్నం తినలేదంటే ఎట్లా... మార్కులు తక్కువని నేనే తిట్టినాను లే. ఎవరికీ చెప్పొద్దు. ఊరందరికీ కౌన్సెలింగ్ నేర్పించే వాని కూతురు ఇట్ల అని తెలిస్తే నా పరువేం కావాల?"

ఫోను పెట్టేశాడో లేదో, పక్కింటి నరసమ్మ గొంతు గోడ మీదుగా వచ్చి వాలింది.

"పరువు యాడికి పోతాది సారూ, ముందు బిడ్డని చూసుకో. మార్కుల మాట ఎత్తొద్దు. తిన్నావా అమ్మా అని అడుగు, సాలు."

దాని అవతలి ఇంట్లోంచి మరెవరో "పాపం" అన్నారు.

సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. మంజుశ్రీకి గెలిచినంత సంతోషం కలగాల్సింది, కలగలేదు. ఆయన్ని చూస్తే జాలేసింది. ఆయన ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

"నాకు చెప్పొద్దు సార్. మీరు నా గైడు, మీ ఇంటి సంగతి నేను వినకూడదు, మీరే నేర్పించినారు. గుట్ట పక్కకి పోయి బిడ్డతో మాట్లాడండి. ఆడ ఎవరికీ వినబడదు."

ఆయన వెళ్ళాడు. గుమ్మంలోంచి చూస్తే, ఎండలో ఫోను చెవికి ఆనించుకుని ఆ దారిలో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. టీ రెండుసార్లు వేడి చేయాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది, కళ్ళు ఎర్రబడ్డాయి.

"తలుపు తీసింది" అన్నాడు, గోడవతలికి వినబడేలాగే.

తర్వాత ఫారాలు అడిగి తీసుకుని, రూము నంబరు గడిలో తన చేత్తోనే 'గుట్ట దారి' అని రాసి సంతకం పెట్టాడు.

"నేను పెట్టినాను సరే. యూనివర్సిటీ వాళ్ళు ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే వాళ్ళని కూడా ఒక పూట మా ఇంట్లో కూచోబెడతా సార్" అంది మంజుశ్రీ. "ఫోన్లు మాత్రం ఆఫ్ చెయ్యొద్దని చెప్పండి."