డెజ్ కోసం కట్టిన మూడంతస్తుల స్టాండు

"ఈ సంగతి డెజ్ చెవిన పడిందో, ఇక నీతో మాట్లాడను," అన్నాడు మా ఆయన నెవ్, కుడిచేతిని ఎడమ చంకలో దాచుకుంటూ.

ఏడాదిగా ఆ చెయ్యి వణుకుతోంది. డాక్టరు దానికో పేరు చెప్పి, మాత్రలు రాసిచ్చాడు. మా వయాలా ఊరి ఉక్కు ఫ్యాక్టరీలో బతుకంతా వెల్డింగ్ చేసిన మనిషికి చెయ్యి వణకడమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నలుగురిలో గ్లాసు ఎడమచేత్తోనే పట్టుకునేవాడు. అలాంటివాడు, బీరు కాచుకునే స్టాండు నేనే చేసిస్తానని స్నేహితుడు డెజ్‌కి మాటిచ్చేసి వచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

తిట్టడానికీ నోరు రాలేదు. మా వీధి షెడ్లలో బీరు కాచే మగాళ్లందరిలోకీ డెజ్ చెయ్యే మంచిది. కానీ నడుం పడిపోయింది. నిరుడు చలికాలంలో మరిగే గిన్నె దించబోయి కాలిమీద ఒంపుకున్నాడు. అప్పటినుంచి కాచడం మానేసి, శనివారాలు గుమ్మంలో కూచుని రోడ్డున పోయే కార్లు చూస్తున్నాడు. అది చూసి నెవ్ ఊరుకోలేకపోయాడు.

"ఏదీ ఎత్తక్కర్లేదు, దించక్కర్లేదు. అలాంటిది చేస్తా," అన్నాడు.

షెడ్డు నేలమీద సుద్దతో గీశాడు. పైన గ్యాసు పొయ్యి మీద నీళ్ల తొట్టి, మధ్యలో మాల్టు, అంటే మొలకెత్తించిన బార్లీ, నానేసే గిన్నె, అన్నిటికంటే కింద ఇంకో పొయ్యి మీద మరిగించే గిన్నె. ట్యాపు తిప్పితే చాలు, పైనుంచి కిందికి అదే దిగుతుంది. చిక్కల్లా డెజ్ పొట్టితనంతో వచ్చింది. పై తొట్టిలోకి వాడి చూపు అందదు.

"చిన్న పీటేసుకుని ఎక్కుతాడులే," అన్నాను.

"నడుం విరిగినవాణ్ని పీటలెక్కిస్తావా? బుర్ర ఉండే మాట్లాడుతున్నావా?"

చెరిపాడు, గీశాడు, మళ్లీ చెరిపాడు. వెడల్పాటి పొట్టి గిన్నెలు ఎంచి, మొత్తం స్టాండునే కిందికి దించేశాడు. దాంతో కింది పొయ్యి నేలకి జానెడు ఎత్తులోకి వచ్చింది. మరీ నేలబారుగా ఉందేమిటన్నాను. "ఉండనీ. ఇనప కాళ్లకి మంటంటే భయమేంటి?" అన్నాడు.

గీత బాగానే ఉంది. భయమంతా అతుకుల దగ్గరే. పై తొట్టిని మోసే బ్రాకెట్లు అతికే రోజున నన్ను బయటికి పంపి షెడ్డు తలుపేసుకున్నాడు. వంటింట్లోంచి వింటూ కూచున్నాను. వెల్డింగ్ చిటపటలు, ఆ వెంటనే గ్రైండర్ రొద. అతకడం, నచ్చక అరగదీయడం, మళ్లీ అతకడం. సాయంత్రం దొంగచాటుగా వెళ్లి చూశాను. ఒకప్పుడు అతని అతుకు దువ్వినట్టుండేది. ఇది ముద్దముద్దగా ఉంది. ముద్దగా ఉన్నంత మాత్రాన ఊడుతుందని కాదు. ఊడదని మాత్రం ఎవరు చెప్పగలరు?

"ఇంకెవరికైనా ఒకసారి చూపించు నెవ్."

"నా అతుకు ఇంకొకడు చూడాలా?"

అంతే, ఆ రాత్రి అన్నం పళ్లెం పట్టుకుని షెడ్డులోకి పోయాడు.

మా ఊరి పాత వెల్డర్లకి ఒక పట్టింపు ఉంది. బరువు మోసేది ఏది చేసినా, మొదటిసారి బరువెక్కించినప్పుడు చేసినవాడే దాని పక్కన, అది పడితే మీద పడేచోట ఉండాలి. డెజ్‌ని పిలిచి, మూడు గిన్నెల నిండా చన్నీళ్లు పోయించి, నెవ్ స్టాండు ముందు నేలమీద వెల్లకిలా పడుకున్నాడు.

"దుప్పటి కప్పమంటావా?" అన్నాడు డెజ్.

"నోర్మూసుకుని నిండా పొయ్యి."

స్టాండు కదల్లేదు. నెవ్ లేచి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అది చన్నీళ్లేనని, పైన పొయ్యి వెలిగించి ఆ బ్రాకెట్లు ఎర్రగా కాలినప్పుడు కదా అసలు పరీక్ష అని నా మనసు పీకుతూనే ఉంది.

స్టాండు డెజ్ షెడ్డుకి చేరింది, శనివారం అక్కడే మొదటి బీరు కాపు. మేం వెళ్లేసరికి డెజ్ ఒకచేత్తో స్టాండుని ముందుకీ వెనక్కీ తోస్తూ పసిపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"చూశావురా! పాత టీవీ బల్ల చక్రాలు. కాళ్లకి బిగించా. కారు లోపల పెట్టుకోవాలని మా ఆవిడ షెరిల్ ఒకటే గోల. ఇప్పుడు చంటిపిల్లాడి బండిలా పక్కకి తోసేయొచ్చు."

నెవ్ "ఊఁ" అన్నాడు. అతని కళ్లు పై బ్రాకెట్ల మీదే ఉన్నాయి. నావీ అక్కడే ఉన్నాయి. షెరిల్‌కి బాగానే కుదిరిందనుకున్నాను తప్ప, కిందికి వంగి చూడలేదు.

పై పొయ్యి వెలిగింది. నీళ్లు కాగాయి. బ్రాకెట్లు కదల్లేదు. నీళ్లు మధ్య గిన్నెలోకి దిగాయి, మాల్టు వాసన షెడ్డంతా కమ్ముకుంది. తియ్యటి రసం కింది గిన్నెలోకి జారింది. కింది పొయ్యి వెలిగించాక ఊపిరి పీల్చుకున్నాను. బరువంతా కిందికి దిగిపోయింది కదా!

అప్పుడు డెజ్ గొట్టం పట్టుకుని పై తొట్టిని మళ్లీ నింపడం మొదలెట్టాడు.

"అదెందుకిప్పుడు?" అని అరిచినంత పని చేశాను.

"కడుక్కోడానికి వేడినీళ్లొద్దా తల్లీ? నువ్వొచ్చి కడుగుతావా?"

నిండా పోసి ఆ తొట్టి కింద మంటేశాడు. తొట్టి మూతలోంచి ఆవిర్లు లేచాయి. డెజ్ దిండు మీద మోకాళ్లేసి, కింది గిన్నెలో చేదు కోసం హాప్స్ పూలు చల్లుతూ నురగ తీస్తున్నాడు. కాలుతున్న నీళ్లు సరిగ్గా వాడి నెత్తిమీద ఉన్నాయి.

స్టాండు ఒక్కసారి వాడివైపు ఒరిగింది. పై తొట్టి కిర్రుమంది. అంచునుంచి వేడినీళ్లు చింది వాడి దిండు పక్కన పడ్డాయి.

"నా అతుకు పోయింది! డెజ్, బయటికి దొర్లు!"

నెవ్ అప్పటికే పరిగెత్తి ఒరిగిన స్టాండు స్తంభానికి భుజం ఆనించాడు. డెజ్ లేవబోయి నడుం పట్టేసి అక్కడే బోర్లా పడ్డాడు. వాడి చొక్కా కాలరు పట్టి లాగాను. బరువుకి కదల్లేదు.

"మార్లీన్, వాణ్ని వదిలెయ్! గ్యాసు కట్టెయ్! పై ట్యాపుకి గొట్టం తగిలించి వాకిట్లోకి వదులు!"

గ్యాసు కట్టేశాను. గొట్టం తగిలించాను. నీళ్లు పొగలు కక్కుతూ వాకిట్లోకి పోతున్నాయి, కానీ ఎంతకీ అయిపోవే! నెవ్ చొక్కా భుజం దగ్గర కమిలిన వాసన వస్తోంది. స్తంభాన్ని పట్టుకున్న కుడిచెయ్యి టకటకా కొట్టుకుంటోంది. ఇప్పుడిక దాచుకునే వీల్లేదు.

"నా చెయ్యి వణుకుతోందిరా," అన్నాడు స్తంభానికి మొహం ఆనించి. "ఏడాదైంది. నీకు చెప్పలేదు. ఆ అతుకు మంచిది కాదని నాకు తెలుసు. తెలిసీ నిన్ను దీని కింద కూచోబెట్టా. నిన్ను చంపేసేవాణ్ని కదరా."

అతను ఏడవడం అతని అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడే. డెజ్ మొహం నేలకి ఆనించి అలాగే పడున్నాడు. దెబ్బ తగిలిందేమోనని వాడి పేరు పెట్టి పిలిచాను.

"నెవ్," అన్నాడు డెజ్. "ఏదో కాలిన వాసన రావట్లా?"

"నా చొక్కా."

"కాదురా. ప్లాస్టిక్ వాసన. నీ అతుకు కాదు, వెధవా. నా చక్రం! కరిగి రొట్టెకి రాసిన వెన్నలా అయిపోయింది. నా ముక్కు ముందరే ఉంది."

గొట్టంలో నీళ్లు సన్నబడి ఆగాయి. నేను వంగి చూశాను. కింది పొయ్యికి జానెడు దూరంలో ఆ చక్రం నేలకి అంటుకుపోయింది. పైన ముద్దముద్దగా ఉన్న అతుకులు వెంట్రుక వాసి కూడా జరగలేదు. నెవ్ ఎడమచేత్తో వాటిని తడిమి, చెయ్యి కాలి వెనక్కి తీసుకుని, మళ్లీ తడిమాడు.

ఇద్దరం కలిసి డెజ్‌ని లేపి కుర్చీలో కూచోబెట్టాం. భుజానికి చన్నీళ్ల గుడ్డ వెయ్యబోతే నెవ్ వద్దనలేదు. డెజ్ తన పాత కాపులో మిగిలిన బీరు సీసా నా చేత తెప్పించి గ్లాసుల్లో పోశాడు. నెవ్ గ్లాసులో సగమే పోశాడు.

"ఏరా, నాకు సగమేనా?"

"నిండా పోస్తే మిగతా సగం నా నేలకి తాగిస్తావు. ఆ నేలేమైనా నా కోసం స్టాండు కట్టిందా?"

నాకు ప్రాణం చివుక్కుమంది. నెవ్ వాడివైపు చూశాడు. తర్వాత కుడిచేత్తోనే గ్లాసెత్తాడు. గ్లాసు పళ్లకి టకటకా కొట్టుకుంది. గడ్డంమీద కొంత ఒలికింది. తాగి, ఖాళీ గ్లాసు ముందుకి తోశాడు.

"ఇంకో సగం పొయ్యి. ఆ చక్రాలు పీకెయ్. రేపు ఆ కాళ్లకి ఇనప పాదాలు అతుకుతా."

మర్నాడు పొద్దున స్టాండు మళ్లీ మా షెడ్డుకి చేరాక, వంటింట్లో గిన్నెలు కడుగుతూ, షెడ్డు తలుపు వేసుకునే చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉన్నాను. తలుపు వెయ్యలేదు.

"మార్లీన్," అని కేకేశాడు. "ఆ రెండో వెల్డింగ్ హెల్మెట్ పెట్టుకుని రా. నా మోచెయ్యి పట్టుకోవాలి."