ఊదారంగు పోయిన రోజు

ఇంటి వెనక గోడవార మొలిచే ఆ పిచ్చిమొక్క మీద అత్తాకోడళ్లకు ఎప్పుడూ పేచీయే. కీళ్లవాతానికి డాక్టరిచ్చిన మాత్రలు మింగుతూనే, ఆకు నూరి కట్టుకుంటే వాపు లాగేస్తుందని అత్తగారు. "ఆకులతోనే పోతే మందుల షాపులెందుకత్తయ్యా?" అని కోడలు. కోడలిది కాలేజీ ల్యాబులో మొక్కల రసాలు పరీక్షించే ఉద్యోగం. అందుకని అత్తగారు ఆమెకు సీసాలమ్మ అని పేరు పెట్టింది.

ఓసారి ఈ పేచీ తేల్చేద్దామని సీసాలమ్మ ఆ ఆకుల్ని నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, స్పిరిట్‌లో నానబెట్టి రసం తీసింది. దాన్ని ల్యాబులో పరీక్షకు వాడే ఊదారంగు మందులో వేసింది. రసంలో సరుకుంటే ఊదా పోయి లేత పసుపు తేలాలి. తేలింది! గుడ్డు తెల్లసొన వేడికి గడ్డకట్టకుండా కూడా కాస్త అడ్డుపడింది. వాపు తగ్గించే గుణం వెతకడంలో ఇదంతా మొదటి మెట్టే. ఆ సంగతి ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు రోజూ చెప్పేది ఆమే. అయినా సంతోషానికి బుద్ధి తక్కువ కదా! సాయంత్రం చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి పరిగెత్తి, "మీరే గెలిచారత్తయ్యా! మీ ఆకు పనిచేస్తోంది!" అనేసింది.

ఇంకేముంది, అత్తగారి కాళ్లు నేల మీద ఆనలేదు. పక్కింటావిడకు, పాలబ్బాయికి, చివరికి పళ్ల డాక్టరుక్కూడా చెప్పుకుంది.

కొన్ని నెలలకు ఆవిడ చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. వేళ్లు ఉబ్బి ఉన్నాయి. ఒకటి పక్కకు వంగింది. అనుమానమొచ్చి మాత్రల డబ్బా తెరిచిన కోడలు కొయ్యబారిపోయింది. షీట్లన్నీ కొన్నవి కొన్నట్టే ఉన్నాయి.

"మాత్రలు మానేశారా?"

"ఆకు పనిచేస్తోందని నువ్వేగా అన్నావు. మళ్లీ ఇవెందుకులే అని..."

డాక్టరు ఇద్దరికీ సమానంగా చీవాట్లు పెట్టాడు. వాపు తగ్గుతుంది గానీ ఆ వేలు మాత్రం ఇక తిన్నగా రాదన్నాడు.

తిరుగుదారిలో కోడలు అత్తగారిని ల్యాబుకు తీసుకెళ్లింది. రెండు గాజుగొట్టాల్లో ఊదారంగు మందు పోసి, ఒకదాంట్లో ఆకురసం, ఇంకోదాంట్లో క్యాంటీన్ టీ చుక్క వేసింది. చూస్తుండగానే రెండూ పసుపు తేలాయి.

"టీ కూడానా?"

"టీ కూడా, నిమ్మరసం కూడా. గొట్టంలో రంగు పోవడం వేరు, మీ వేలి వాపు పోవడం వేరు అత్తయ్యా."

అత్తగారు టీ గొట్టాన్ని ఎత్తి వెలుగుకేసి చూసింది. "పక్కింటావిడ టీ అయితే మారేది కాదులే. అందులో పొడే ఉండదు," అంది. ఇద్దరూ నవ్వారు గానీ ఆ నవ్వు నిలవలేదు.

"మరి నా ఆకు సంగతి? ఉన్నమాట చెప్పు."

"తెలీదత్తయ్యా. ఒంట్లోకెళ్తే ఏం చేస్తుందో, ఎంత వాడాలో, అసలు మంచిదో కాదో... నిజంగా తెలీదు."

"ఆకు గొప్పదని నేను నమ్మలేదే పిల్లా. నమ్మితే మొదట్నుంచీ మాత్రలు ఎందుకు మింగుతాను? నువ్వు అవునన్నావని నమ్మాను," అంది అత్తగారు. "ఈ తెలీదన్న మాటేదో ఆ రోజే అనుండాల్సింది."

సిగ్గుతో కోడలి తల లేవలేదు. అత్తగారు సంచీలోంచి మాత్రల షీటు తీసి, చింపబోయి, చేతకాక ఆమె వైపు చాచింది. కోడలు మాత్ర ఊడదీసి ఆ అరచేతిలో పెట్టింది. నాలుగు వేళ్లు ముడుచుకున్నాయి, వంగిన వేలు మాత్రం పక్కకే ఉండిపోయింది.