ఎక్కి చూడబడినది

మా మున్సిపాలిటీలో ప్రతి నెలా చివరి పనిదినం నాడు శాఖలవాళ్ళందరం తలో కాగితం పట్టుకుని కమిషనర్ గారి గదిలో కూర్చుంటాం. ఆ నెలలో ఏం చేశామో, ఎంత ఖర్చుపెట్టామో ఒకరి తర్వాత ఒకరు చదవాలి. పారిశుద్ధ్యం వాళ్ళు ఎత్తిన చెత్తను టన్నుల్లో చెబుతారు. వీధి దీపాలవాళ్ళు మార్చిన బల్బుల లెక్క చెబుతారు. పార్కులవాళ్ళు ఏం చెప్పినా ఎవరూ వినరు. నీటి సరఫరా తరఫున నేను చదువుతాను. నా కాగితంలో పదకొండో వరుస ఓవర్‌హెడ్ ట్యాంకుది. దానికెదురుగా ఇరవై రెండు నెలలుగా ఒకటే మాట రాస్తున్నాను: "ఎక్కి చూడబడినది. నిచ్చెన బాగున్నది. ఖర్చు లేదు."

నేను ఏనాడూ ఎక్కలేదు.

పన్నుల విభాగం నుంచి నన్ను ఇటు బదిలీ చేసినప్పుడు, నీటి ఇన్‌స్పెక్టరు పనంటే పైపులూ కుళాయిలూ ఇరుగుపొరుగు తగాదాలూ అనుకున్నాను. ట్యాంకు సంగతి ఛార్జి తీసుకున్నాక తెలిసింది. నేల నుంచి పైమూత దాకా నలభై రెండు ఇనుప మెట్లు, స్తంభానికి ఆనుకుని నిటారుగా. మొదటి నెల దాని కింద పావుగంట నిలబడ్డాను. ఒక మెట్టు మీద చెయ్యి వేశాను. తీసేశాను. ఆఫీసుకొచ్చి, నాకు ముందున్న ఇన్‌స్పెక్టరు రాసిన మాటనే దించేశాను. అందులో ఒక సుఖం ఉంది. ఎక్కిందెవరో ఎక్కడా ఉండదు.

పడిపోతాననే భయం చాలామందికి ఉంటుంది. నాది వేరు. పదేళ్ళప్పుడు మా నాన్న మేడ మీద చంటి చెల్లెల్ని నా చేతుల్లో పెట్టి కిందికి వెళ్ళాడు. పిట్టగోడ నా నడుము దాకా ఉంది. వీధి వైపు చూశాను. ఆ క్షణంలో నా చేతులు నావి కావనిపించింది. వాటికి వేరే ఆలోచన ఏదో ఉన్నట్టు, నన్నడక్కుండా తెరుచుకుంటాయేమో అన్నట్టు. చెల్లెల్ని నేల మీద పడుకోబెట్టి, కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతూ కిందికొచ్చేశాను. అది గుక్కపట్టి ఏడుస్తుంటే నాన్న పరుగెత్తుకెళ్ళాడు. నన్ను బాగానే బాదాడు. దాని తర్వాత నేను ఎత్తులో ఎక్కడా ఒక్కణ్ణీ నిలబడలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా.

నిన్నటి సమావేశంలో నా వంతు మామూలుగానే గడిచింది. కూర్చోబోతుంటే కమిషనర్ గారు తలెత్తారు.

"ట్యాంకు కడిగించి రెండేళ్ళు దాటిందట కదా?"

"అవును సార్."

"ఈసారి కాంట్రాక్టరు వద్దు. మన మనిషి చేత కడిగించండి. ఆ డబ్బు మిగుల్తుంది."

మిగుల్తుందనే మాట వినగానే అకౌంట్స్ ఆయన ముఖం వికసించింది. ఇంజనీరు మేడమ్ మాత్రం ఫైలు వెనక్కి తిప్పారు.

"రెండేళ్ళ కింద నిచ్చెన మరమ్మతుకని కొంత పక్కన పెట్టాం. తర్వాత వీధి దీపాలకు మళ్ళించాం. ఎందుకు మళ్ళించాం?"

"నిచ్చెన బాగుందని నెలనెలా రిపోర్టు వస్తోంది కదా మేడమ్," అన్నాడు దీపాలాయన. నా వైపు చూసి, బాకీ ఉన్నవాడిలా తల వంచాడు.

"బాగుందా?" అని ఆవిడ నన్నడిగారు.

నా కాగితం నా చేతిలోనే ఉంది. "బాగుంది మేడమ్," అన్నాను.

"అయితే రేపే పెట్టండి."

మా శాఖలో ఎత్తు పనులకు ఉన్న మన మనిషి ఒక్కడే. నా బావమరిది.

ఈ పొద్దున మా ఆవిడ ఇద్దరికీ క్యారియరు కట్టి నా చేతికిచ్చింది. "వాడికి దూకుడెక్కువ. మీరు పక్కనే ఉండండి," అంది. ఉంటానన్నాను. దారి పొడుగునా నాకు ఒక్కటే లెక్క. ఆ నిచ్చెన ఎలా ఉందో నాకు తెలియదు. బాగుండొచ్చు. ఇరవై రెండు నెలలూ నేను రాసిందంతా నాకు తెలియకుండానే నిజమై ఉండొచ్చు. కాకపోతే, మా ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు నా సంతకం మీద కాలు పెట్టి పైకి వెళ్తాడు.

ట్యాంకు దగ్గరికి వెళ్ళేసరికి వాడు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని సిగరెట్టు కాలుస్తున్నాడు. పక్కన తాడు, చీపురుకట్ట, నీళ్ళతో ఇంకో బకెట్టు, బ్లీచింగ్ పొడి సంచి. రాత్రే ట్యాంకు ఖాళీ చేసేయడంతో పంపు గది మూగగా ఉంది.

"ఏంటి బావా, పరీక్షకొచ్చినట్టు ఆ మొహం?"

"గాలి ఎక్కువగా ఉందిరా. ఇవాళ వద్దులే."

"గాలా? ఈ పొగ చూడు, గీత గీసినట్టు నిటారుగా పోతోంది."

"వాన పడొచ్చు."

"పడనీ. సగం కడుగుడు అదే కడుగుతుంది." వాడు లేచి తాడు భుజాన వేసుకున్నాడు. "అసలేంటి నీ గొడవ? నెలనెలా ఎక్కేవాడివి, పైన దెయ్యమేమన్నా కనబడిందా?"

"దెయ్యమేంట్రా."

"పోనీ అక్కేమన్నా అందా? నా మొగుడు కింద భద్రంగా ఉంటే చాలు, తమ్ముడు పైకి పోయినా ఫర్వాలేదు అందా?"

వాడి మాటకు వాడే పగలబడి నవ్వాడు. ఇప్పుడు చెప్పాలి. నాలుగే మాటలు: నేను ఎక్కలేదు, నువ్వూ ఎక్కకు. వాటిని నోట్లో వరసగా పేర్చుకున్నాను కూడా. వాడు సిగరెట్టు చెప్పుతో నలిపి, చెప్పులు విడిచి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఆగు," అన్నాను. "ముందు నేనెక్కుతాను."

"నువ్వా? ఆ పొట్టేసుకునా?"

"ఇన్‌స్పెక్టర్ని నేను కదరా."

"సరే, ఎక్కండి సారూ. పైకెళ్ళాక మా బోటివాళ్ళకి కాస్త చెయ్యూపండి."

వాడు పక్కకు జరిగి, సలాం కొట్టాడు. అంతగా భయపడే మనిషి ఆ పని ఎందుకు చేశాడని ఎవరైనా అడగొచ్చు. ఆ నాలుగు మాటలు చెప్పడం కన్నా నలభై రెండు మెట్లు ఎక్కడమే తేలికనిపించింది. అంతకు మించి నాకూ తెలియదు.

స్తంభం ముఖానికి జానెడు దూరంలో ఉంది. దాన్నే చూస్తూ ఎక్కాను. సిమెంటు మీద ఎప్పుడో కారి ఎండిన రంగు చుక్కలు, ఒక పగులు, పగులులో కొంచెం నాచు. మూడు. నాలుగు. మెట్టు చల్లగా ఉంది, అరచేతులు మాత్రం తడిసిపోతున్నాయి. ఒక్కో చెయ్యి తీసి పై మెట్టు మీద వేసేటప్పుడు, ఆ మధ్యలో, ఆ చెయ్యి ఎవరిదో. ఏడో మెట్టు దగ్గర నిచ్చెనను స్తంభానికి బిగించే ఇనుప పట్టీ వచ్చింది. రెండు బోల్టులూ ఉన్నాయి. దేవుడికి దండం పెట్టుకున్నంత పని చేశాను. పదకొండు. పంపు గది కప్పు నా కంటికి సమానంగా వచ్చింది. దాని మీద ఎవరిదో ఒంటి చెప్పు, ఎండకు పగిలిపోయి ఉంది. చూడకూడదనుకుంటూనే చూశాను. అరికాళ్ళలో చీమలు పాకాయి.

పద్నాలుగో మెట్టు మీద కాలు వేసినప్పుడు నిచ్చెన కదిలింది.

రెండో పట్టీ సరిగ్గా నా ముఖానికెదురుగా ఉంది. అందులో రెండు రంధ్రాలున్నాయి. బోల్టులు లేవు. రంధ్రాల నుంచి కిందికి తుప్పు చారలు, పాతవి, ఎండి నల్లబడినవి. పైకి చూశాను. మూడో పట్టీకి ఒకే బోల్టుంది, అదీ తల వాల్చేసి ఉంది. కింద నుంచి చూస్తే ఆకుపచ్చ రంగుతో నిగనిగలాడే నిచ్చెన. పైన పటారం, లోన లొటారం. నా బరువుకు అది స్తంభాన్ని వదిలి రెండు వేళ్ళ మందం ఇవతలికి వచ్చి, మళ్ళీ వెళ్ళి టక్కున ఆనుకుంది.

అంతే. ఇక ఒంట్లో ఏ భాగమూ నా మాట వినలేదు.

"ఏంటి బావా, ఫొటో దిగుతున్నావా?" అన్నాడు వాడు కింద నుంచి.

నేను ఆ రెండు రంధ్రాలనే చూస్తున్నాను.

"బావా? ఓ బావా! కళ్ళు తిరుగుతున్నాయా?" గొంతులో నవ్వు పోయింది. "కదలకు. నేనొస్తున్నా."

వాడు ఎక్కడం నాకు కనబడలేదు. ఇనుములోంచి తెలిసింది. ఒక్కో అడుగూ నా వేళ్ళకు అందింది. నిచ్చెన ఇవతలికి వచ్చింది. ఈసారి మూడు వేళ్ళు. పైన ఎక్కడో ఆ ఒంటి బోల్టు కీచుమంది.

"ఎక్కకు!" అని అరిచాను.

"భయపడకు బావా, నీ వెనకే ఉంటా. పట్టుకుంటా."

"వద్దురా, దిగు!"

"అట్లాగే అంటారులే. కళ్ళు మూసుకో."

నేనెంత అరిస్తే వాడంత తొందరగా ఎక్కుతున్నాడు. నా అరుపు వాడికి సాయం కోసం పిలిచినట్టే వినబడుతోంది. ఇంకో నాలుగు మెట్లెక్కితే నా కింద ఉంటాడు. అప్పుడు ఇద్దరం కలిసే వెళ్తాం. వాణ్ణి ఆపగల మాట ఒక్కటే మిగిలింది.

"బోల్టుల్లేవురా! నేనెప్పుడూ ఎక్కలేదు. ఒక్కసారి కూడా ఎక్కలేదు. అన్నీ కింద కూర్చుని రాశాను!"

ఇనుములో అడుగులు ఆగిపోయాయి.

తర్వాత వాడు, కొత్త మనిషితో మాట్లాడినట్టు, "ఒక్కసారి కూడానా?" అన్నాడు.

"ఊఁ."

అడుగులు మెల్లగా, ఒక్కొక్కటీ, కిందికి వెళ్ళాయి. నిచ్చెన మళ్ళీ స్తంభానికి ఆనుకుంది.

ఇక నేను దిగాలి. నలభై ఏళ్ళుగా చేతులు వాటంతటవే వదిలేస్తాయని భయపడ్డాను. ఇప్పుడు అవి వదలడం లేదు. వేళ్ళు తెరుచుకోమని చెబుతున్నాను, తెరుచుకోవడం లేదు. మెట్టుకు అతికించేసినట్టున్నాయి.

"కుడి కాలు దించు," అన్నాడు వాడు కింద నుంచి. "ఇంకొంచెం. మెట్టుంది, నేను చూస్తున్నా. ఆఁ, అదే. ఇప్పుడు ఎడం చెయ్యి. చిటికెన వేలు ముందు తియ్యి. తర్వాత పక్కది."

అలా వేలు వేలుగా దింపాడు. మధ్యలో ఒక్క వేళాకోళం లేదు. అందుకు కూడా భయమేసింది నాకు. నేల తగిలాక అక్కడే కూలబడ్డాను. అప్పుడు చూసుకున్నాను, ప్యాంటు తొడల దాకా తడిసి ఉంది. పైన ఎప్పుడు జరిగిందో నాకు తెలియనే లేదు.

వాడు చూశాడు. ఫోను తీసి ఇంజనీరు మేడమ్‌కు విషయం చెప్పాడు, బోల్టుల సంగతి, నేను అరిచిన సంగతి, రెండూ. తర్వాత నీళ్ళ బకెట్టు తెచ్చి, నా నడుము నుంచి కిందికి గుమ్మరించేశాడు. ఖాళీ బకెట్టు నా పక్కనే దొర్లేలా పడేశాడు. తాడు తీసుకెళ్ళి నిచ్చెనకు అడ్డంగా కట్టాడు.

మేడమ్ జీపు పది నిమిషాల్లో వచ్చింది. దిగగానే నిచ్చెన వైపు, తర్వాత నా వైపు చూశారు.

"ఏంటీ తడి?"

"బకెట్టు ఒలికింది మేడమ్," అన్నాడు వాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆవిడ గొంతు పెంచలేదు. "ఇరవై రెండు నెలలు. ఎందుకు ఎక్కలేదు?"

ఎప్పటికైనా ఎవరైనా అడుగుతారని నాకు తెలుసు. జవాబు ఒక్క మాటే. అది ఇందాక నా ఒళ్ళంతా ఉంది, గొంతు దాకా ఉంది. నేను నోరు తెరిచేలోపు ఆవిడే విసుగ్గా, "బద్ధకమా?" అన్నారు.

ఎంత మామూలు మాట! ఆఫీసులో సగంమందికి ఉన్నదే. దానికి మెమో ఇస్తారు, జీతం కోస్తారు, మహా అయితే సస్పెండు చేస్తారు. దాని గురించి ఎవరూ ఇంకేమీ అడగరు. ఎక్కడ మొదలైందని అడగరు. నీ చేతులు ఎవరివని అడగరు.

"అవును మేడమ్," అన్నాను. "బద్ధకమే."

"మీ బద్ధకానికి ఇవాళ ఇతను పోయేవాడు. ఆ సంగతి తెలుస్తోందా?"

"తెలుస్తోంది మేడమ్."

ఆవిడ డైరీలో రాసుకున్నారు. సాయంత్రంలోగా సంజాయిషీ రాసివ్వమని చెప్పి, నిచ్చెన ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. జీపు మలుపు తిరిగేదాకా మేమిద్దరం అలాగే నిలబడ్డాం. సిగ్గుపడాల్సిన ఆ సమయంలో నాకు తేలిగ్గా ఉంది. గండం గడిచినట్టుంది. ఆ తేలికే నన్ను మళ్ళీ వణికించింది.

వాడు సామానంతా బండికి కట్టాడు. నేను వెనక కూర్చున్నాను. వాడు కిక్కు మీద కాలు పెట్టి, కొట్టలేదు.

"బావా," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "పైన నిన్ను చూశాను నేను. బద్ధకానికి ఎవరూ అట్లా వణకరు."

నేను సీటు వెనక కడ్డీ పట్టుకున్నాను.

"నేను చచ్చేవాణ్ణి. పోనీ, అది వేరే సంగతి. నీ బద్ధకానికి చచ్చేవాణ్ణంటే మాత్రం నాకు కడుపు మండుతోంది. ఇంకో దానికైతే... ఏమో, ఓర్చుకుంటానేమో. ఇంటికెళ్తే అక్క అడుగుతుంది. ఏం చెప్పమంటావ్?"

ఎండ బాగా ఎక్కింది. తడి ప్యాంటు సీటుకు అంటుకుంది. వాడి వీపు నా ముఖానికి జానెడు దూరంలో, కదలకుండా ఉంది. ఆ ఒక్క మాట నాలుక చివరికి వచ్చి, అక్కడి నుంచి కిందికి చూసి, ఆగిపోయింది.

వాడు బండి స్టార్ట్ చేయలేదు. నేను చెప్పేదాకా చేయడని అర్థమైంది.