నీరు ముందుగా తిరిగిన ఏడు

సముద్రం అడుగున ఉన్న మా సిన్నాగిలో ఎవరినీ నువ్వెవరివని అడగక్కర్లేదు. ఇల్లు ఎక్కడుందో చూస్తే చాలు. నీరు వచ్చే మొగదల ఎగువవాళ్ళు, వాళ్ళ వెనక నడిమివాళ్ళు, అందరి వెనక మేము, దిగువవాళ్ళం. ఎగువవాళ్ళ మొప్పల్లోంచి వచ్చిన నీటిని నడిమివాళ్ళు పీలుస్తారు. వాళ్ళు వదిలింది మాకు వస్తుంది. మా దాకా వచ్చేసరికి ఆ నీటిలో ఊరందరి ఊపిరీ, ఊరందరి మురికీ ఉంటాయి.

వేసవిలో నీరు దక్షిణం నుంచి వస్తుంది, చలికాలంలో ఉత్తరం నుంచి. అందుకని ఏడాదికి రెండుసార్లు ఊరు ఊరంతా చోటు మారాలి. నీరు తిరిగేముందు కొన్నాళ్ళు ఎటూ కదలకుండా ఉంటుంది. దాన్ని నిలకడ అంటాం. ఆ నిలకడలోనే దిగువవాళ్ళు ముందు ఎగువ ఇళ్ళనూ, తర్వాత నడిమి ఇళ్ళనూ లంగరు రాళ్ళతో సహా మోసి అటు చివర దించాలి. ఆఖర్న తమ ఇళ్ళు తెచ్చుకోవాలి. కొత్త నీరు కదిలేసరికి ఎవరి చోట వాళ్ళుండాలి. మా తాతల తాతల నుంచీ అంతే.

యొన్సే మా దిగువ మనిషి. ఒరియే అనే ఎగువమ్మ ఇంటి తాళ్ళకు పట్టిన గుల్లలు గీకడం ఆమె పని. మొగుడు బసాన్ అందరిలాగే ఇళ్ళు మోసేవాడు. అత్త హామ్నే వాళ్ళ దగ్గరే ఉండేది. మొదటి బిడ్డ బూజుతో పోయాడు. మొప్పల మీద బూడిదరంగు పొర కట్టి లోపలికి పాకే జబ్బు అది. దిగువలో తప్ప ఎక్కడా రాదు. ఆ వేసవి చివర్లో రెండో బిడ్డ రిమోకి కూడా మొదలైంది. పిల్ల పడుకుంటే ఊపిరి గరగరమని వినపడేది.

ఒకరోజు యొన్సే పిల్లను గుల్లల బుట్టలో దాచి పనికి తీసుకుపోయింది. అక్కడున్నంతసేపూ రిమో హాయిగా నిద్రపోయింది. తిరిగొచ్చేటప్పుడు చూస్తే మొప్ప అంచున కాస్త ఎరుపు కనిపించింది. మర్నాడు యొన్సే ధైర్యం చేసి ఒరియే ముందు నిలబడింది.

"ఎగువమ్మా, ఒక్క మాట."

"చెప్పవే."

"పిల్లని తెచ్చి మీ ఇంటి వెనక మూల కూర్చోబెట్టుకుంటానమ్మా. నేను పని చేసినంతసేపే. ఎవరి కంటా పడనివ్వను."

"ఎంతవరకూ పట్టిందే?"

"ఎడంపక్క సగం దాకా."

ఒరియే మొహం నిజంగానే చిన్నబోయింది. ఆమె చెడ్డ మనిషి కాదు. పనివాళ్ళ మీద కేకలు వేసి ఎరగదు. "నా ఒక్కదాని చేతిలో ఉంటే ఇప్పుడే తెమ్మందును. మా వెనకింటివాళ్ళు ఊరుకుంటారా? దిగువ పిల్ల వదిలిన నీరు మా మొహాన కొడుతోందని గోల పెడతారు. నీకున్న పని కూడా పోతుంది. నీ మంచికే చెబుతున్నా, తెలుసా" అంది. లోపలికి వెళ్ళి ఆల్చిప్ప నిండా పీత గుడ్లు తెచ్చింది. "పిల్లకి పెట్టు. ఒంటికి బలం."

ఇంటికి తెచ్చాక వాటిలో సగం హామ్నేయే తినేసింది. "గుడ్లు మాత్రం బాగున్నాయే. మీ అమ్మగారికి మనసుంది పాపం, ఇవ్వడానికి నీరే లేదు" అంది వేళ్ళు నాకుతూ. తర్వాత గొంతు తగ్గించింది. "ఊరుకో. మనకి రాసిపెట్టిన నీరు ఇదే. నేనూ ముగ్గురు బిడ్డల్ని ఇలాగే పంపించాను."

ఆ ఏడు నిలకడ రాలేదు. ఎవరూ ఊహించనిది అది. నిన్నటిదాకా దక్షిణం నుంచి వచ్చిన నీరు ఒక పొద్దున లేచేసరికి ఉత్తరం నుంచి వస్తోంది. ఒక్క ఇల్లూ కదలలేదు. ఉత్తరం చివర ఉన్నది మేమే. ఎవరి ఊపిరీ సోకని చల్లటి నీరు తిన్నగా మా ఇళ్ళలోకి వచ్చింది.

హామ్నే నిద్రలోంచి ఉలిక్కిపడి లేచింది. "ఎవడ్రా నా మొహాన ఊదుతున్నది?"

"నీ మొహాన ఊదే మొనగాడు ఎవడున్నాడమ్మా! నీరు తిరిగిపోయింది" అన్నాడు బసాన్.

రిమో అప్పటికే లేచి కూర్చుంది. "అమ్మా, ఆకలేస్తోంది" అంది. ఆ పిల్ల నోట ఆ మాట విని ఎన్నాళ్ళయిందో.

అంతలోనే శంఖాలు మొదలయ్యాయి. ఉన్నవాళ్ళు ఉన్నట్టు రావాలని, ఎగువ ఇళ్ళు వెంటనే ఎత్తాలని కబురు. బసాన్ భుజానికి తాడు తగిలించుకున్నాడు. యొన్సే మాత్రం వెళ్ళి తన ఇంటి లంగరు రాయి మీద కూర్చుంది.

"నేను రాను" అంది.

"పిచ్చెక్కిందా? శంఖం వినపడట్లేదూ?"

"దాని మొప్ప చూడు."

బసాన్ పిల్లను దగ్గరికి లాక్కుని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత భుజం మీది తాడు తీసి కింద పడేసి, పెళ్ళాం పక్కనే కూర్చున్నాడు.

యొన్సే అన్న హెరిన్ అటుగా వెళుతూ ఆగాడు. "ఏంటి బావా, ఇద్దరూ కలిసి ఆ రాయిని పొదుగుతున్నారా?"

"నీ కొడుకు ఎలా ఉన్నాడన్నయ్యా?" అంది యొన్సే.

హెరిన్‌కు ఒక కూతురూ, కొన్ని నెలల కొడుకూ. అతని మొహంలో నవ్వు పోయింది. "రాత్రి నుంచీ ఏడవలేదు. చచ్చాడేమోనని చూశాను. నిద్రపోతున్నాడు."

"అయితే నువ్వు కూడా కూర్చో."

అతను వెనక్కి పోయి తన రాయి మీద కూర్చున్నాడు. అది చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళను చూసి ఇంకొకరు. శంఖాలు మోగీ మోగీ అలిసిపోయాయి.

కాపలా పని నడిమివాళ్ళది. వాళ్ళు మొనకర్రలు పట్టుకుని వచ్చారు, అరిచారు. కానీ గట్టిగా మీదికి రాలేదు. నీరు ఎటు తిరిగినా వాళ్ళది నడిమే కదా. ఎవరి మాట నెగ్గుతుందో చూద్దామన్నట్టు కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. పైగా ఎగువ ఇళ్ళను వాళ్ళు ఎత్తలేరు. ఆ రాళ్ళ కింద చెయ్యి ఎక్కడ పెట్టాలో కూడా వాళ్ళకు తెలియదు.

ఆ రోజుల గురించి మా వాళ్ళు ఇప్పుడు మాట్లాడుకోరు. పిల్లల మొప్పలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. ఆడవాళ్ళు ఒకరి పిల్లలను ఒకరు పట్టుకుని చూసుకునేవారు. హామ్నే అన్నిటికన్నా ముందున్న బండ దగ్గరికి ఈదుకుంటూ పోయి, నోరు తెరుచుకుని అక్కడే కూర్చుంది. తిండికి పిలిస్తే రాలేదు. "తిండి ఎప్పుడూ ఉండేదే. ఇన్నేళ్ళూ ఊరందరి ఎంగిలి పీల్చాను. నన్ను కదిలించకండి" అంది. రాసిపెట్టిన నీటి గురించి ఆమె మళ్ళీ ఎత్తలేదు.

కొన్నాళ్ళకు ఒరియే వచ్చింది. ఎగువ మనిషి దిగువ ఇంటి ముందుకు రావడం అదే మొదలు. చంకలో మనవరాలు. ఆ పిల్ల మొప్పల మీద బూడిదరంగు పొర. అలవాటు లేని ఒళ్ళు కదా, తొందరగా పట్టేసింది.

"యొన్సే, పిల్లని కాసేపు ఇక్కడ కూర్చోనివ్వవే" అంది.

ముందున్న బండ మీద నుంచే హామ్నే కోడలికి అరిచింది. "చెప్పవే, చెప్పు! మా వెనకింటివాళ్ళు గోల పెడతారని చెప్పు!"

యొన్సే అలా అనలేకపోయింది. పిల్లను అందుకుని రిమో పక్కన, నీరు బాగా తగిలేచోట కూర్చోబెట్టింది. రిమో ఆ పిల్ల జుట్టు విప్పి చిక్కులు తీయడం మొదలుపెట్టింది. పెద్దవాళ్ళిద్దరూ ఆ ఇద్దరినీ చూస్తూ కూర్చున్నారు.

ఆఖరికి ఒరియే అంది: "మావాళ్ళు నడిమివాళ్ళతో మాట్లాడుతున్నారు. మాతో కలిసి వస్తే వాళ్ళ ఇళ్ళు కొన్ని ఎగువకు తీసుకుంటామంటున్నారు. ఈసారి మొనకర్రలతో వస్తే ఊరికే అరిచిపోరు. మీ పిల్లలూ మిగలరు, మా పిల్లలూ మిగలరు."

"మమ్మల్నేం చెయ్యమంటారమ్మా?"

"వీళ్ళంతా నిన్ను చూసి కూర్చున్నారు. నువ్వు లేస్తే లేస్తారు. నీ ఇల్లు నడిమిలో దించుకో. నేను ఒప్పించి వచ్చాను. నీ పిల్లకి ఇక బూజు రాదు."

"మా అన్నకి పసిపిల్లాడున్నాడు."

"ఒక్క ఇంటికేనే. అదే అతికష్టం మీద."

"ఇద్దరు పిల్లలమ్మా వాడికి."

"ఒక్క ఇంటికే."

యొన్సే రిమో వంక చూసింది. పిల్ల చిక్కులు తీయడం మానేసి, ఒక రొయ్య వెంట పడి గుండ్రంగా తిరుగుతోంది. ఆయాసం లేదు.

"మాట తప్పరు కదా?" అంది.

"నా మనవరాలి మీద ఒట్టు."

బసాన్‌తో ఆ సంగతి చెప్పినప్పుడు అతను కింద పడేసిన తాడు వెతికి తెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ లేచి, ఎగువ ఇళ్ళ దగ్గరికి పోయి మొదటి రాయి కింద చేతులు పెట్టారు. యొన్సే లేచిందంటే ఏదో మాట కుదిరే ఉంటుందని అందరూ అనుకున్నారు. ఒక్కొక్కరే లేచి వచ్చారు. "ఏం కుదిరింది బావా?" అని హెరిన్ అడిగాడు. "మంచిదే" అన్నాడు బసాన్. అతని కళ్ళలోకి చూడలేదు. చల్లటి నీటికి ఎదురు మొయ్యడం మామూలు మోత కాదు. భుజాలు చీరుకుపోయాయి. అయినా పాడుతూ మోశారు, ఇకనుంచి ఏడాదిలో ఒక కారు తమను మొగదల ఉండనిస్తారని వాళ్ళలో వాళ్ళు అనుకుంటూ.

ఆఖర్న మా ఇళ్ళు వెనక్కి తెచ్చుకునేటప్పుడు బసాన్ తన ఇంటిని నడిమి వరసలో దించాడు. హెరిన్ తన ఇంటి బరువు భుజం మీద ఉండగానే ఆగిపోయాడు. కాసేపటికి అర్థమైంది.

"నీరు బాగుందా చెల్లీ?" అన్నాడు.

యొన్సే వంగి లంగరు తాడు బిగించసాగింది.

"అడుగుతున్నా కదా. బాగుందా?"

ఆ తర్వాత అతను ఆమెతో మళ్ళీ మాట్లాడలేదు.

హామ్నేను బండ మీద నుంచి నలుగురు పట్టి దించాల్సి వచ్చింది. కొడుకు ఇంటి ముందుకు తెచ్చాక ఆమె లోపలికి అడుగు పెట్టలేదు. "నాకు ఇంకో కొడుకు లేడు గానీ, ఇంకో చోటు ఉందిరా" అంది బసాన్‌తో. హెరిన్ ఇంటికి పోయింది.

ఎగువవాళ్ళు మాట తప్పలేదు. రిమో బతికింది. నడిమివాళ్ళు మాత్రం ఆ ఇంటికీ తమకూ మధ్య ఒక ఇల్లు పట్టేంత ఖాళీ వదిలారు. వేడుకలకు పిలవలేదు. చలికాలం మధ్యలో హెరిన్ కొడుకు పోయాడు. చివరి రోజుల్లో హామ్నే వాడిని తన రొమ్ముకు హత్తుకుని, వచ్చే నీటికి వీపు తిప్పి కూర్చునేదట. ఆ తర్వాత ఆమె కూడా ఎక్కువ కాలం లేదు. ఒక్కొక్కరికి రాయి కట్టి లోతుకు దించిన రోజున యొన్సే వెళ్ళింది. తాడు పట్టుకోబోతే రెండుసార్లూ వదిన ఆమె చెయ్యి తీసేసింది.

వేసవికి నీరు తిరిగే ముందు కొత్త కట్టడి పెట్టారు. మోత మొదలుకాకముందే దిగువ పిల్లలనందరినీ నడిమివాళ్ళు ఒక పెద్ద వలలో కూర్చోబెట్టాలి. ఇళ్ళన్నీ ఎవరి చోట అవి దిగాకే వదలాలి. ఇక నీరు ముందు తిరిగినా, వెనక తిరిగినా ఎవరూ రాయి మీద కూర్చోరు. ఆ వల దగ్గర కాపలాకు నిలబడిన మొదటివాడు బసాన్. కొత్తగా నడిమికి వచ్చినవాడు కాదనగలడా? మొనకర్ర పట్టుకోవడం అతనికి ఇంకా సరిగ్గా రాలేదు.

యొన్సే ఆల్చిప్పలో రొయ్యలు పెట్టుకుని వల దగ్గరికి వచ్చింది. హెరిన్ కూతురు లోపల ఒక పక్కగా కూర్చుని ఉంది. యొన్సే వల కన్నంలోంచి చెయ్యి పెట్టి, "తినమ్మా, నేను అత్తని" అంది. ఆ పిల్ల ఆల్చిప్ప వంక చూసింది. ఆకలిగా ఉన్నట్టే ఉంది. అయినా వెనక్కి జరిగి మిగతా పిల్లల్లో కలిసిపోయింది.

యొన్సే చెయ్యి తీయకుండా అలాగే ఉంటే బసాన్ దగ్గరికి వచ్చాడు.

"ఇక్కడ నిలబడకు. చూస్తున్నారు" అన్నాడు మెల్లగా.

"ఒక్కటైనా తింటుందేమో."

"తినదు. ఇందాక నేనూ ఇచ్చి చూశాను. పోవే ఇంటికి."

ఆమె వెళ్ళిపోయింది. వాళ్ళు ఇప్పటికీ నడిమిలోనే ఉన్నారు. రిమో పెద్దదైంది, మొప్పలు ఎర్రగా ఉంటాయి. మాతో మాట్లాడదు, మాట్లాడకూడదని వాళ్ళ నాన్న చెప్పాడట. దిగువలో ఈ ఏడు బూజు ఇంకాస్త ఎక్కువగానే ఉంది.